కోడలి కుందేలు, అత్తగారి ఆషాఢం

పశువైద్యంలో కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడటానికి వస్తుంటారు. కాఫీ తాగి, అవీ ఇవీ మాట్లాడి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు. "మేడమ్, మీ సర్వీసులో మీరు మరిచిపోలేని కేసు ఏది?" అడ్డం తిరిగిన దూడను లాగి తల్లినీ పిల్లనీ బతికించిన సంగతో, గాలికుంటు వచ్చి ఎడ్లన్నీ కుంటుతుంటే రోలుగుంట వైపు ఊరూరా తిరిగిన సంగతో చెబుతానని ఎదురు చూస్తారు. నేనేమో కుందేలు పెంటికల గురించి మొదలుపెడతాను. అప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి! పెద్దావిడ కదా అని నవ్వు ఆపుకుంటారు. నవ్వితే నవ్వండి నాయనా. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టిన రోజు అదొక్కటే. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అప్పుడు నేను చోడవరంలో పశువుల డాక్టర్ని. మా దగ్గరికి వచ్చేవన్నీ పెద్ద ప్రాణులు. పాలు తగ్గిన గేదెలు, కొమ్ము విరిగిన ఎడ్లు, మందు కొట్టిన చెరకు తోట గట్టున మేసి నురగలు కక్కే మేకలు. కుక్కలు రావడం కూడా అప్పుడప్పుడే మొదలైంది. ఇక కుందేళ్ళంటారా, పరీక్ష కోసం చదివాను, పాసయ్యాను, పుస్తకం అటకెక్కించాను. ఈ జన్మలో వాటితో నాకు పని పడదని గట్టి ధీమా.

నాతో పనిచేసే ఇద్దరి గురించి చెప్పాలి. అటెండరు ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి. గేదెకు నేను సూది వేస్తుంటే అతను దాని చెవి దగ్గర చేరి ఏదో పాట కూనిరాగం తీసేవాడు. అది ఏ భక్తితోనో గాని కదలకుండా నిలబడేది. కాంపౌండరు వయసులో నాకంటే రెండు మూడేళ్ళే చిన్న. కాని ఫోను చేతికొస్తే పదహారేళ్ళవాడు. ఏ జబ్బు వచ్చినా నేను నోరు తెరిచేలోగా ఫోనులో వెతికి దాని పేరు చెప్పెయ్యాలని అతని ఆరాటం. ఒక్కోసారి గేదెకు మనుషుల జబ్బు అంటగట్టేవాడు.

ఆషాఢ మాసం. పొద్దున్నుంచీ సన్నగా తుంపర. గేటు ముందు ఆటో ఆగి ఒకావిడ దిగింది. యాభై దాటి ఉంటుంది. జరీ అంచు చీర, చేతిలో మూతపెట్టిన వెదురు బుట్ట, దాని మీద మడత విప్పని కొత్త తువ్వాలు. పెళ్ళివారింటికి పిండివంటలు మోసుకొచ్చినట్టుంది. మా అటెండరు ఊరుకుంటాడా, ఎదురెళ్ళి పలకరించాడు.

"ఏటమ్మా, సారె గాని తెచ్చేరేటి? ఇది పసువుల ఆస్పత్రమ్మా!"

"సారేనయ్యా బాబూ, సారే! నా కోడలి సారె. అది సచ్చిపోతన్నాది. డాక్టరమ్మ ఉన్నారా?"

అటెండరు పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ తిన్నగా లోపలికి వచ్చి బుట్ట నా బల్ల మీద పెట్టి తువ్వాలు తీసింది. లోపల తెల్లటి కుందేలు. చెవులు మాత్రం బూడిద రంగు. బాగా బలిసి ఉంది. కాని వీపు పైకెత్తి, కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకుని, కళ్ళు సగం మూసి కూర్చుంది. పళ్ళు పటపటా కొరుకుతోంది. కుందేలు అలా పళ్ళు కొరికితే నొప్పితో ఉన్నట్టు. పుస్తకంలో చదివిన ఆ ఒక్క వాక్యం అటక మీంచి దూకి నా ముందు నిలబడింది.

ఆవిడది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. కొడుకు బ్యాంకులో పనిచేస్తాడు. ఆ వేసవిలోనే అతనికి చీడికాడ వైపు పిల్లతో పెళ్ళయింది. ఆ పిల్ల సారెతో పాటు తను పెంచుకున్న కుందేలును కూడా బోనులో పెట్టి తెచ్చుకుంది. అరిసెలూ సున్నుండలూ ఊరంతా పంచారు. కుందేలు మిగిలింది. ఇంతలో ఆషాఢం వచ్చింది. మా వైపు కొత్త కోడలు ఆషాఢంలో పుట్టింటికి వెళ్ళిపోవాలి. ఆ నెలంతా అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు. ఎందుకని అడిగితే తలొకరు తలొక కారణం చెబుతారు గాని, పాటించడం మాత్రం అందరూ పాటిస్తారు. కోడలు వెళ్ళింది, సారెతో వచ్చింది తిరిగి పుట్టింటికి పోకూడదని కుందేలు అత్తగారి దగ్గర ఉండిపోయింది.

"ఎల్తా ఎల్తా దీన్ని నా ఒళ్ళో ఎట్టిందమ్మా ఆ గుంట. 'అత్తయ్యా, ఇంక దీనికి మీరే' అంది. మాయింటికొచ్చిన కాడ్నుంచీ నాతో అది ఆడిన పెద్ద మాట అదొక్కటే. అన్నిటికీ తల ఊపుతాది. అంతే. ఏది ఎట్టినా బాగుందంటాది. ఇప్పుడిది పోయిందనుకో, మా అత్త నా కుందేల్ని సంపీసింది అనుకోదా? పైకి అంటే పరవాలేదమ్మా, నాలుగు మాటలు నేనూ అని సరిపెట్టుకుంటాను. అది పైకి అనదు. అదే నా బయం. అనకుండా మనసులో ఎట్టుకుంటే మా ఇద్దరికీ జన్మంతా అదే మిగులుద్ది."

నేను స్టెతస్కోపు పొట్టకి ఆనించాను. ఆరోగ్యంగా ఉన్న కుందేలు పొట్టలో ఎప్పుడూ ఏదో గుడగుడ వినిపిస్తూనే ఉంటుంది. ఇందులో చప్పుడు లేదు. గేదె పొట్టయినా కుందేలు పొట్టయినా నిశ్శబ్దం మంచిది కాదు. చేత్తో తడిమి చూశాను. గ్యాసు ఉంది, కాని ఎక్కడా ఏదీ అడ్డుపడినట్టు లేదు. హమ్మయ్య అనుకున్నాను. దాని నోరు తెరిచి పళ్ళు చూశాను. దవడ పళ్ళు కొద్దిగా పెరిగి ఉన్నాయి గాని నాలుక కోసుకునేంత కాదు.

"పెంటికలు వేస్తోందా?"

"నిన్నట్నుంచీ లేవమ్మా. తిండీ ముట్టలేదు."

"అంతకుముందు ఏం పెట్టేవారు?"

ఆవిడ ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టింది. కోడలు ఒక సంచీ నిండా పెల్లెట్లు, అదే కొట్లో దొరికే కుందేలు మేత, కొని పెట్టి వెళ్ళింది. వాటిని ఈవిడ గుళికలంటుంది. పొద్దున గిన్నెడు గుళికలు, మధ్యాహ్నం గిన్నెడు, రాత్రి గిన్నెడు. మధ్యలో పాలలో ముంచిన బిస్కట్టు. శుక్రవారం పరవాన్నం చేస్తే దానికో చెంచాడు. నాలుక రుచి కోసం బెల్లం ముక్క.

"బెల్లం మంచిదేనమ్మా, మా తోటలో సెరుకుతో వండించిందే."

"మరి గడ్డి?"

ఆవిడ నావైపు చూసిన చూపు మీరు చూసి ఉండాల్సింది. నేనేదో అనరాని మాట అన్నట్టు చూసింది.

"గడ్డేటమ్మా? కోడలు పుట్టింట్నుంచి తెచ్చుకున్న పేణానికి గడ్డి పడేస్తానా? రేప్పొద్దున మా వియ్యపురాలు ఇంటే ఏటంటాది? మా పిల్ల కుందేలుకి గడ్డెట్టేరంట అని సీడికాడంతా సెప్పుకోదా? మాయింటికొచ్చినోళ్ళకి మేం అలగ సెయ్యం."

అటెండరు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను కళ్ళతోనే గదిమాను. అప్పుడు ఆవిడ గొంతు తగ్గించి నా చెవి దగ్గరికి వంగింది.

"ఇంకో మాటుందమ్మా. సెప్పడానికి సిగ్గుగా ఉంది. ఓనాడు తెల్లారగట్ల సూసేను. అది ఒంగి, దాని ఎనకాల్నుంచి వచ్చిందే అది తినీసింది! ఓలమ్మ, నా గుండాగిపోయింది. కడుపు నిండక అంత పనికి దిగిందనుకున్నాను. ఆ పూట నుంచే గుళికలు రెట్టింపు సేసేను. అది అలగ ఒంగకుండా కాపలా కూడా కూకున్నాను."

నవ్వకూడదు. కేసు కష్టంగా ఉంది, ఎదురుగా మనిషి ఏడుపు మొహంతో ఉంది. అయినా నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే లేచి నిలబడ్డాను. ఎందుకంటే జబ్బంతా ఒక్క దెబ్బకి నాకు అర్థమైపోయింది! ఆ ఆనందం ఏమిటో వైద్యం చేసేవాళ్ళకే తెలుస్తుంది.

పిల్లలూ, మీరు పుస్తకంలో చదివే ఉంటారు, అయినా ఇంకోసారి వినండి. ఇంట్లో కుందేలు పెంచుకునేవాళ్ళు కూడా వినండి. కుందేలు రెండు రకాలుగా వేస్తుంది. ఒకటి మనం ఊడ్చి పారేసే గట్టి పెంటిక. రెండోది మెత్తగా, చిన్న ద్రాక్షగుత్తిలా ఉంటుంది. దాన్ని అది కింద పడనివ్వకుండా అక్కడికక్కడే తినేస్తుంది. ఆవు నెమరు వేసినట్టే అనుకోండి. మొదటిసారి అరగని సారమంతా అందులో ఉంటుంది. అది తినకపోతేనే జబ్బు. అది తినడం చూసి ఆకలనుకుని గింజల పిండితో చేసిన పెల్లెట్లు ఇంకా ఎక్కువ పోస్తే ఏమవుతుంది? ఆ పిండికి నమలడం అక్కర్లేదు, పేగులకు పని లేదు. కుందేలు పేగు గడ్డి పీచు తోస్తుంటేనే కదులుతుంది. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. గడ్డి లేక, పీచు లేక, బెల్లమూ బిస్కట్టూ పడి ఈ కుందేలు పొట్ట పని మానేసి కూర్చుంది. ఆవిడ ప్రేమగా పెట్టిన కొద్దీ అది చావుకి దగ్గరైంది.

వైద్యం సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. నొప్పికి సూది, చర్మం కింద గోరువెచ్చని సెలైను, గ్యాసుకి చుక్కలు, పొట్ట మీద మెల్లగా మర్దన, ఒంటికి వెచ్చదనం. ఇవన్నీ పేగును లేపడానికి. లేచాక నడిపించేది మాత్రం గడ్డే. ఆ మాట అనగానే కాంపౌండరు ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్, దొరికింది! దీనికి ఫారిన్ ఎండుగడ్డి పెట్టాలంట. ప్యాకెట్లలో వస్తాది. ఆర్డరు పెడితే వారంలో వచ్చీస్తాది."

"వారంలో కుందేలు ఎక్కడుంటుందయ్యా? వానలు పడి ఊరంతా గరిక మోకాలెత్తు లేచి ఉంటే, గడ్డికి విమానం ఎక్కాలా మనం?"

అతను నొచ్చుకున్నాడు గాని ఫోను జేబులో పెట్టుకున్నాడు. అటెండరు వెళ్ళి మా ప్రహరీ గోడ పక్క నుంచి గరిక కోసుకొచ్చాడు. చెరకు గట్ల మీదిది వద్దని ముందే చెప్పాను, అక్కడ కలుపు మందు కొడతారు. నీళ్ళు విదిల్చి, ఫ్యాను కింద ఆరబెట్టి, కుందేలు ముందు పెట్టాం. అది వాసన చూసి మొహం పక్కకి తిప్పుకుంది. ఇంకో పోచ మూతికి అందించాం. మళ్ళీ తిప్పుకుంది. బిస్కట్టు మరిగిన నోరు మరి!

అప్పుడే ఆవిడ ఫోను మోగింది. కోడలి వీడియో కాలు. రోజూ పొద్దున ఆ వేళకి చేస్తుందట. ఆవిడ గబగబా కళ్ళు తుడుచుకుని, కుందేల్ని ఒళ్ళోకి తీసుకుని, దాని మొహం కనపడకుండా వీపు మాత్రం ఫోను వైపు తిప్పింది. ముందుకాలు ఒకటి పట్టుకుని గాల్లో ఊపింది.

"ఇదుగో సూడు, నీకు టాటా సెప్తన్నాది. ఏటి? నిద్దరొస్తందంట దానికి. సరే, ఉంటాను."

ఫోను పెట్టేసి నిట్టూర్చింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏమిటండీ ఈ నాటకం? దాన్ని పెంచింది ఆ పిల్ల. ఏ గడ్డి తినేదో, ఎలా పెడితే తినేదో ఆ పిల్లకే తెలుసు. చెప్పండి ముందు."

"వద్దమ్మా, మీ కాళ్ళట్టుకుంటాను. బాగయ్యేక సెప్తాను."

"బాగవాలంటేనే చెప్పాలి."

ఆవిడ కదల్లేదు. నేనే ఫోను అందుకుని తిరిగి కలిపాను. నేనెవరో చెప్పి, విషయం చెప్పాను. అవతల నుంచి సన్నగా గొంతు వినిపించింది.

"గడ్డి పెట్టలేదాండీ?"

"లేదమ్మా. నువ్విచ్చిన పెల్లెట్లే పెట్టారు, ఇంకా చాలా పెట్టారు."

ఆ పిల్ల భోరుమంది. ఏడుస్తూనే చెప్పింది. "తప్పు నాదేనండి. మాయింట్లో అది గడ్డే తినేది. గరిక, ముల్లంగాకు, కొత్తిమీర కాడలు. పెల్లెట్లు ఎప్పుడన్నా ఓ చెంచాడు, అదీ బాగా వానలొచ్చి గడ్డి దొరక్కపోతేనే. అత్తయ్యని గడ్డి కొయ్యమని ఎలగడుగుతానండీ? కొత్త కోడలు వచ్చీరాగానే అత్త సేతికి కొడవలిచ్చిందంటారు కదా. అందుకే సంచీడు పెల్లెట్లు కొనీసి, ఇవి పెడితే సాలు అనీసేను."

ఫోను స్పీకరులో ఉంది. అత్తగారు అంతా విన్నది. ఆవిడ మొహంలో రంగులు మారాయి.

అదీ సంగతి! కోడలు మర్యాదకి గడ్డి అడగలేదు. అత్త మర్యాదకి గడ్డి పెట్టలేదు. వీళ్ళిద్దరి మర్యాదల మధ్య పడి నోరులేని కుందేలు నలిగిపోయింది. ఎన్నో జబ్బులు చూశాను గాని, మర్యాద వల్ల వచ్చిన జబ్బు అదే మొదటిసారి చూడటం.

"రేపు పొద్దున్నే నువ్వు రామ్మా, నీ చేత్తో పెట్టి చూద్దాం" అన్నాను. కోడలు సరేనంది. అత్తగారు మాత్రం ఉలిక్కిపడింది.

"ఆషాడం కదమ్మా! ఇద్దరం ఒక్క గడప ఎలగ దాటుతాం?"

"మీ ఇంటి గడప కాదుగా, ఇది సర్కారు గడప."

"సర్కారుదైనా గడప గడపే కదమ్మా. దాటితే రేపు నా కొడుకు కాపరానికి ఏటైనా అయితే ఎవులు సెప్తారు?"

వాదించి లాభం లేదు. ఆ సాయంత్రం వరకూ కుందేలును మా దగ్గరే ఉంచి, ఇంట్లో చెయ్యాల్సింది చెప్పి పంపాను. ఆవిడ వెళ్ళేటప్పుడు అటెండరు "పార్థన చేసుకుంటానమ్మా" అన్నాడు. ఆవిడ అతనికి చేతులు జోడించింది.

మర్నాడు నేను మామూలు కంటే ముందే వచ్చాను. నాకు తెలియకుండానే ఆత్రం. చూద్దును కదా, కాంపౌండరు నాకంటే ముందే వచ్చి స్టూలు తుడుస్తున్నాడు. కాసేపటికే అత్తగారు బుట్టతో దిగింది. కుందేలు రాత్రి గడిపింది. నిన్నటికంటే కళ్ళు బాగా తెరిచింది. స్టెతస్కోపు పెట్టి ఊపిరి బిగబట్టాను. ఎక్కడో దూరంగా ఒక గుడగుడ. ఇంకొకటి. పేగు లేచింది! కాని తిండి ముట్టలేదు, పెంటిక వెయ్యలేదు. తినకపోతే ఆ గుడగుడ మళ్ళీ ఆగిపోతుంది.

కోడలు వాళ్ళ అన్న బండి మీద వచ్చింది. నీలం చుడీదారు, చేతిలో పెద్ద గరిక కట్ట. వానకి తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఛాతీకి హత్తుకుని తెచ్చింది. వరండాలోకి వచ్చి ఆగిపోయింది. మాది పాతకాలపు పెంకుల కట్టడం. లోపల గదికి చెక్క గడప ఉంది. లోపల అత్త, బయట కోడలు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలు దించుకున్నారు.

అటెండరు ముందుకొచ్చాడు. "మాకు ఆషాడం లేదు కదమ్మా, నేనెటైనా దాటుతాను. ఇలగివ్వండి" అని గరిక తీసుకుని లోపలికి వచ్చి కుందేలుకి అందించాడు. అది వాసన చూసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు, కాని నోరు తెరవలేదు. మళ్ళీ బయటికి వెళ్ళి, "ఎలగెట్టాలమ్మా?" అని అడిగొచ్చాడు. "కట్టగా కాదండి, ఒక్కో పోచ, కాడ వైపు ముందు" అంది. అలాగే పెట్టాడు. తినలేదు. పాట పాడాడు. తినలేదు. అలా లోపలికీ బయటికీ ఆ పెద్ద మనిషి తిరుగుతుంటే కాంపౌండరు తల పట్టుకున్నాడు.

"అది అమ్మాయి సేతికే అలవాటు మేడమ్" అన్నాడు.

సరిగ్గా అప్పుడే నా కళ్ళు కిటికీ మీద పడ్డాయి. వరండా వైపు తెరుచుకునే కిటికీ. ఇనుప ఊచలు. కిటికీకి గడపేముంది?

"కిటికీ దగ్గరికి రండి!" అని అరిచాను. ఇద్దరూ నావైపు చూశారు, తర్వాత కిటికీ వైపు చూశారు. అత్తగారి మొహం వెలిగిపోయింది. కుందేలును ఎత్తుకుని లోపలి వైపు నిలబడింది. కోడలు బయట నిలబడి ఊచల్లోంచి చెయ్యి పెట్టింది. చేతిలో ఒక్క గరిక పోచ. "రా బంగారూ, రా" అని నాలుకతో ఏదో చప్పుడు చేసింది. కుందేలు చెవులు రెండూ నిటారుగా లేచాయి. ముక్కు గబగబా కదిలింది. పోచ చివర నోట్లోకి పోయింది. కరకర. కరకర. పోచ పొట్టిదవుతూ, పొట్టిదవుతూ పూర్తిగా లోపలికి పోయింది!

"తినీసింది! మేడమ్, తినీసింది!" అని కాంపౌండరు అరిచాడు. గేటు బయట గేదెను పట్టుకొచ్చినాయన ఏమైందోనని లోపలికి తొంగి చూశాడు.

ఇంకో పోచ. ఇంకోటి. ఒక ముల్లంగాకు ముక్క. అంతవరకు మాట రాని అత్తా కోడళ్ళకు కిటికీ దగ్గర మాటలొచ్చాయి. ఊచల్లోంచి కోడలు గరిక అందిస్తుంటే అత్త పట్టుకుని కుందేలు నోటికి పెడుతోంది. పని చేతుల్లో ఉంటే మాట తేలిగ్గా వస్తుంది కాబోలు.

"పీచు గట్టిగా ఉంది కదే, దీనికి గొంతులో పడదేటి?"

"అలగుంటేనే దానికి ఇష్టం అత్తయ్యా. మెత్తగా ఉంటే తినదు."

"నేనెట్టిన పరవాన్నం ఎంత ఆత్రంగా తిందో తెలుసునా?"

"మనవూ తింటాం కదా అత్తయ్యా, మంచిది కాకపోయినా."

అత్తగారు నవ్వింది. నేనూ సందు చూసుకుని నా ఉపన్యాసం మొదలుపెట్టాను. రోజూ కుందేలు ఒంటి అంత కుప్ప గడ్డి ముందుండాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తినేలా. తడిది కాదు, వాడబెట్టినదీ ఎండుదీ. వానలు రాకముందే గరిక కోసి నీడలో ఎండబెట్టి మూట కట్టుకోవాలి. గుప్పెడు ఆకుకూర. నీళ్ళు గిన్నెలో. పెల్లెట్లు చెంచాడు, అసలు లేకపోయినా నష్టం లేదు. పండు ఎప్పుడో ఒక చిన్న ముక్క. బిస్కట్టూ అన్నమూ బెల్లమూ ఇంకెప్పుడూ వద్దు. పూటంతా తినడం మానేస్తే ఆలోచించకుండా బుట్టలో పెట్టుకుని రావడమే. ఇద్దరూ బడిపిల్లల్లా తలలాడించారు. నేను చెబుతున్నదాంట్లో సగం వాళ్ళు వినలేదని నాకు తెలుసు. వాళ్ళ కళ్ళు కుందేలు మీదే ఉన్నాయి.

ఆ తర్వాత ఎదురుచూపు. కుందేల్ని నేల మీద వదిలాం, కాళ్ళాడితే పేగాడుతుందని. అది గది నాలుగు మూలలా వాసన చూస్తూ గెంతింది. మేమందరం దాని వెనక భాగాన్నే చూస్తూ కూర్చున్నాం. ఇంతమంది పెద్దవాళ్ళం, ఉద్యోగస్తులం, ఊపిరి బిగబట్టి ఒక కుందేలు వెనక చూస్తున్నాం. అది వెళ్ళి అత్తగారి చీర కుచ్చిళ్ళ దగ్గర ఆగింది. తోక కొద్దిగా ఎత్తింది.

టక్. టక్. టక్. సిమెంటు నేల మీద నల్లగా, గుండ్రంగా.

నేను లేచి చప్పట్లు కొట్టాను! అటెండరు "స్తోత్రం!" అన్నాడు. కాంపౌండరు ఫోటో తీశాడు, పెంటికలకి. అత్తగారు వంగి, వాటిని అరచేతిలోకి ఏరుకుని, ముత్యాలు దొరికినట్టు పట్టుకుని, రెండో చేత్తో కుందేల్ని చంకనెత్తుకుని ఒక్క పరుగున వరండాలోకి వెళ్ళిపోయింది.

"ఒసే, సూడే! ఏసింది! సూడు, ఎంత గట్టిగా ఉన్నాయో సూడు!"

కోడలు ఆ అరచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఏడుస్తూ నవ్వింది. అప్పుడు కుందేలు కిందికి దూకి గదిలోకి పారిపోయింది. దాన్ని పట్టుకోబోయి ఇద్దరూ ఒకేసారి గడప దాటి లోపలికి వచ్చేశారు. వచ్చాక ఇద్దరూ ఆగి కాళ్ళ కింద చూసుకున్నారు.

అటెండరు మెల్లగా అన్నాడు, "అమ్మా, గడప..."

అత్తగారు ఒక్క క్షణం ఆలోచించింది. "దీని ఎనకాల వచ్చీసేం. కుందేలికి ఆషాడం ఏటయ్యా?" అంది. అని నేల మీద చతికిలబడి, కోడల్ని కూడా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ళ మధ్య కుందేలు గరిక నములుతోంది.

"సూడే, గడ్డి కొయ్యమని నన్నడగడానికి సిగ్గేటే నీకు? పుట్టిన కాడ్నుంచీ పొలం పనే కదా నాది. ఇంకా ఏటేటి అడగలేక కూకున్నావో అన్నీ ఇప్పుడే అడిగీ. డాక్టరమ్మ సాచ్చికం."

కోడలు తల దించుకుంది. చాలాసేపు గరిక పోచను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చెప్పదనే అనుకున్నాను.

"నాకు రోజూ నెయ్యీ, వడియాలూ, తీపీ వొద్దత్తయ్యా" అంది చివరికి. "మీరు పొద్దున్నే వంటింట్లో ఒక్కరూ కూకుని సద్దన్నం తింటారు కదా, ఉల్లిపాయ నంచుకుని. నన్ను సూడగానే గిన్నె దాచీస్తారు. నాకూ అది పెట్టండి."

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత గోడకున్న క్యాలెండరు వైపు చూసి, చర్చికి వెళ్ళే మా అటెండర్నే అడిగింది.

"బాబూ, ఈ ఆషాడం ఇంకెన్నాళ్ళుందో సూడయ్యా."